పెరట్లో పక్షుల లిస్టు: రాయడం ఎలా, పంచుకోవడం ఎలా

నా మొదటి పక్షుల లిస్టు ఒక పాత డైరీ చివరి పేజీలో ఉంది. మొత్తం 26 పేర్లు. అన్నిటికంటే పైన పిచ్చుక. పక్కన తేదీ లేదు, ఎన్ని కనబడ్డాయో లేదు. కొత్త పక్షి వస్తేనే పేరు రాసేవాణ్ని. ఒకసారి పేరెక్కాక మళ్లీ దాని జోలికి పోయేవాణ్ని కాదు. కొన్నేళ్ల తర్వాత ఒకరోజు, పెరట్లో పిచ్చుకల సందడి లేదేమిటని అనుమానం వచ్చింది. ఎప్పట్నుంచి లేదు? నిరుడా, అంతకుముందా? డైరీ తీస్తే అందులో 'పిచ్చుక' అనే ఒక్క మాట తప్ప ఏమీ లేదు. ఆ లిస్టు వల్ల నాకు తెలిసిందల్లా నేను పిచ్చుకను ఎప్పుడో ఒకసారి చూశానని. అది లిస్టు లేకపోయినా తెలుసు.

అందుకే ఇప్పుడు చెప్పబోయే పద్ధతిలో కొత్త పక్షుల వేట చాలా తక్కువ. రోజూ వచ్చే కాకిని, గోరింకను రోజూ రాయడమే ఎక్కువ. వినడానికి విసుగ్గా ఉంటుంది కానీ పనికొచ్చేది అదే.

ముందు హద్దులు తేల్చుకోండి

పెరట్లో చూసినవి అంటే ఏవి? పెరడంటే మిద్దె మీద కుండీలు కావచ్చు, అపార్ట్‌మెంట్ బాల్కనీ కావచ్చు, నాలుగు చెట్లున్న స్థలం కావచ్చు. ప్రశ్నలు మాత్రం అందరికీ ఒకటే. పైన ఎగురుతూ పోయిన చిలుకల గుంపు లెక్కలోకి వస్తుందా? పక్కింటి చెట్టు మీద వాలి, మన గోడ ఇవతలికి రాని పాలపిట్ట? కంటికి కనబడకుండా కూత మాత్రమే వినిపించిన కోకిల?

వీటికి సరైన జవాబంటూ లేదు. ఒకసారి పెట్టుకున్న రూలు మాత్రం మార్చకూడదు. నా రూలు చెబుతాను: నేను నా స్థలంలో నిలబడి ఉంటే చాలు, పక్షి ఎక్కడున్నా లెక్కే. పైన ఎగిరినవాటికి పక్కన 'పైన' అని రాస్తాను, గొంతు మాత్రమే వింటే 'విన్నాను' అని. ఎవరో పెంచుకుంటుంటే పంజరంలోంచి తప్పించుకుని వచ్చిన పక్షి కనబడితే రాసుకుంటాను కానీ మొత్తంలో కలపను. ఈ నాలుగు ముక్కలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టండి. ఆరు నెలల తర్వాత మీ రూలు మీకే గుర్తుండదు.

కూర్చునే చోటు కూడా ఒకటే ఉంటే మంచిది. ఈరోజు మెట్టు మీద, రేపు మిద్దె మీద అయితే కనబడే ఆకాశమే మారిపోతుంది. అప్పుడు గద్దలు పెరిగాయా, లేక మీరే పైకెక్కారా అన్నది ఎవరూ తేల్చలేరు.

ఒక రోజు పేజీ ఎలా ఉండాలి

ఫోన్లో యాప్‌లు ఉన్నా మొదటి నెలైనా కాగితం మీద రాయమంటాను. ఫోన్ చూస్తూ తలొంచుకున్న ఆ రెండు నిమిషాల్లోనే తేనెపిట్ట వచ్చి వెళ్లిపోతుంది. జేబులో పట్టే చిన్న పుస్తకం, పెన్సిల్ చాలు. పెన్నయితే మంచుకో వానకో తడిసి ఇంకు పాకుతుంది.

నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది:

2025-02-26. ఉదయం 6:40 నుంచి 7:00. వెనక గుమ్మం మెట్టు. మబ్బుగా ఉంది, గాలి లేదు. ఒక్కణ్నే.
కాకి 7 (3 పైన)
గోరింక 4
పికిలిపిట్ట 2
తేనెపిట్ట 2 (మగ 1, ఆడ 1)
చిలుక 11 (పైన)
కోకిల 1 (విన్నాను)
తెలియనిది 1. పిచ్చుక కన్నా చిన్నది, వీపు ఆకుపచ్చ, నెత్తి ఇటుక రంగు, తోక నిక్కబొడుచుకుని ఉంది. ఒంటికి మించిన గొంతు.
గుర్తుపట్టినవన్నీ రాశాను.

తేదీ, మొదలుపెట్టిన టైము, ఎంతసేపు, ఎక్కడి నుంచి, ఎంతమంది చూశారు. పక్షుల పేర్ల కన్నా ముందు ఈ ఐదూ రాసేయండి, చివర్లో రాద్దామంటే మర్చిపోతాం. వీటిలో 'ఎంతసేపు' అన్నదాన్నే చాలామంది వదిలేస్తారు. 20 నిమిషాల్లో 6 రకాలు కనబడటం వేరు, రెండు గంటలు కూర్చుంటే 6 రకాలు కనబడటం వేరు.

చివరి వాక్యం చూశారా, 'గుర్తుపట్టినవన్నీ రాశాను' అని? అది చాలా ముఖ్యం. ఆ మాట ఉంటేనే ఆ పేజీలో లేని పక్షి ఆరోజు నిజంగానే కనబడలేదని అర్థం. పైన చెప్పిన పేజీలో పిచ్చుక లేదు. అన్నీ రాశానన్నాను కాబట్టి ఆ 20 నిమిషాల్లో పిచ్చుక నా కంట పడలేదన్నది ఖాయం. అదే, నచ్చినవి మాత్రమే రాసే అలవాటుంటే పిచ్చుక రాలేదా, వచ్చినా మామూలే కదా అని వదిలేశానా అన్నది ఎప్పటికీ తెలియదు. ఒక్కోరోజు నచ్చినవి రాసి ఊరుకోవాలనిపిస్తే తప్పులేదు, 'అన్నీ రాయలేదు' అని కింద పెట్టేయండి.

ఎంతసేపు చూడాలంటే నా ఉద్దేశం 15 నుంచి 20 నిమిషాలు. వారానికి రెండుసార్లు, ఒకే టైముకి. రోజూ గంట చొప్పున మొదలుపెట్టి మూడో వారానికి మానేసినవాళ్లను చాలామందిని చూశాను, అందులో నేనూ ఒకణ్ని.

లెక్కపెట్టడం

ఇక్కడే అందరూ తడబడతారు. గోరింకల జత వచ్చింది, వెళ్లింది. పది నిమిషాలకు నాలుగు వచ్చాయి. మళ్లీ రెండు వచ్చాయి. మొత్తం ఎనిమిదా? కాదు. ఆ మొదటి రెండే తిరిగి వచ్చి ఉండొచ్చు. మీరు ఒక్కసారిగా ఎక్కువ చూసింది నాలుగు, కాబట్టి 4 అని రాయండి. బ్రిటన్‌లో 1979 నుంచి జరుగుతున్న పెరటి పక్షుల లెక్కింపులోనూ ఇదే పద్ధతి: జనవరి చివర్లో ఒక గంట కూర్చుని, ఒక్కో రకంలో ఒకేసారి కనబడినవాటిలో పెద్ద అంకెను మాత్రమే రాస్తారు. పిల్లలు కూడా చేయగలిగేంత సులువు కాబట్టే అది ఇన్నేళ్లు నిలబడింది.

దీనికి కొన్ని సడలింపులు ఉన్నాయి. ముందు మెరుపు నల్లటి మగ తేనెపిట్ట ఒంటరిగా వచ్చింది, అది పోయాక పసుపు పొట్ట ఆడది వచ్చింది. రెండూ కలిసి కనబడలేదు, అయినా అవి రెండు పక్షులే కదా, 2 రాయండి. అలాగే చిలుకలు ఒకే దిక్కుకు గుంపులు గుంపులుగా ఎగురుతూ పోతుంటే ప్రతి గుంపునూ కలుపుకోవచ్చు, ముందు పోయినవి వెనక్కి తిరిగి రాలేదు కాబట్టి.

పెద్ద గుంపు ఒక్కసారి తల మీదుగా పోతే కంగారుపడకండి. గుంపులో ఒక మూలన పదింటిని లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు పట్టాయో కంటితో కొలుచుకుని, అలాంటివి ఎన్ని పడతాయో చూడండి. 60 అనిపిస్తే 60 రాయండి. 'చాలా', 'బోలెడు' అని మాత్రం రాయొద్దు. మీ బోలెడు పక్కవాళ్లకు పది కావచ్చు. బొత్తిగా అంచనాకే రాకపోతే ఇంటూ గుర్తు పెట్టండి, ఉన్నాయి కానీ లెక్కపెట్టలేదని దాని అర్థం.

గుర్తుపట్టలేనప్పుడు

పక్షి ముందు ఉన్నప్పుడు పుస్తకాల్లో వెతకొద్దు. చూడండి. ఎంత సైజు? పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? ఈ మూడూ అందరికీ తెలిసిన కొలబద్దలు. ముక్కు సన్నమా, లావా, వంకరా? తోక పొడవా, పొట్టా? కంటి చుట్టూ ఏమైనా గీత గానీ రంగు గానీ ఉందా? ఏం చేస్తోంది, నేల మీద గెంతుతోందా, నడుస్తోందా, కొమ్మ చివర కూర్చుని పురుగు కోసం ఎగిరి మళ్లీ అక్కడికే వస్తోందా? రంగును ఆఖర్న చూడండి. వెలుగు వెనక నుంచి పడితే ప్రతి పక్షీ నల్లగానే ఉంటుంది. పికిలిపిట్ట తోక కింద ఎర్ర మచ్చ కూడా అది వంగినప్పుడే స్పష్టంగా తెలుస్తుంది.

పైన రాసిన 'తెలియనిది' నాలుగు రోజుల తర్వాత తెలిసింది, ఆకుల్ని కుట్టి గూడు కట్టుకునే టైలర్‌బర్డ్. నిక్కబొడుచుకున్న తోక, ఇటుక రంగు నెత్తి రాసిపెట్టాను కాబట్టి ఒక స్నేహితుడు వినగానే చెప్పేశాడు. 'చిన్న ఆకుపచ్చ పిట్ట' అని మాత్రమే రాసుంటే ఆయనైనా ఏం చెబుతాడు?

మగా ఆడా తేడాలు బాగా ముంచుతాయి. మగ కోకిల నిగనిగలాడే నలుపు. ఆడది గోధుమ రంగు మీద తెల్లటి చుక్కలు, చారలు. రెండిటినీ రెండు రకాలుగా రాసుకున్నవాళ్లు ఉన్నారు. ఊదా తేనెపిట్టల్లో మగది గూడు కట్టే కాలం దాటాక ఆ మెరుపు కోల్పోయి ఆడదానిలాగే పసుపు పొట్టతో తిరుగుతుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల గీత మిగులుతుంది. ఆ గీత చూసి కొత్త పక్షి అనుకోవడం సహజం.

గొంతును బట్టి గుర్తుపట్టేందుకు యాప్‌లు ఉన్నాయి. అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ వాళ్ల మెర్లిన్ యాప్‌లో 2021 నుంచి ఈ సదుపాయం ఉంది, ఉచితమే. అది చెప్పే పేరును తీర్పులా కాకుండా సలహాలా తీసుకోండి. పేరు చూపించగానే ఆ వైపు చూసి, పక్షి కంటపడ్డాకే రాయండి, లేదా ఆ గొంతు మీకు ముందే తెలిసుండాలి. చెవుల విషయంలో మనమూ తక్కువేం కాదు. ఒక ఉదయం నేను 'టిక్ టిక్ టిక్' అని ఆగకుండా అరుస్తున్న కొత్త పక్షి కోసం ముప్పావుగంట మెడ నొప్పి పుట్టేదాకా చెట్టంతా వెతికాను. చివరికి కొమ్మ మీద తోక ఊపుకుంటూ ఉడుత దర్శనమిచ్చింది.

ఎంత చూసినా తేలకపోతే తేలినంతవరకే రాయండి. 'తేనెపిట్ట, ఏ రకమో తెలియదు' అన్నది మంచి రికార్డు. ఊహించి పెట్టిన పేరు చెడ్డ రికార్డు.

పేర్ల గొడవ

తెలుగులో లిస్టు రాసేవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఇది. ఒక్క పక్షికే గోరింక, గోరువంక, గోరవంక. పికిలిపిట్ట, పిగిలిపిట్ట. జెముడుకాకి, చెముడుకాకి. మనుషులు చదివితే ఇబ్బంది లేదు, కంప్యూటర్‌లో ఎక్కించినప్పుడు తెలుస్తుంది. మా ఇంట్లో నేను గోరింక అని, మా ఆవిడ గోరువంక అని రాసేవాళ్లం. ఏడాది చివర లెక్క తీస్తే ఒకే పక్షి రెండు రకాలుగా తేలింది. పేరు మధ్యలో ఒక స్పేస్ ఎక్కువైనా అంతే, 'పాలపిట్ట' వేరు, 'పాల పిట్ట' వేరు.

ఇంకో సమస్య దీనికి రివర్సు. గద్ద అన్న పేరుతో మనం నాలుగైదు రకాల వేట పక్షుల్ని పిలిచేస్తాం. తేనెపిట్టలూ అంతే.

కాబట్టి పుస్తకం వెనక పేజీల్లో ఒక పేర్ల పట్టిక పెట్టుకోండి. మీరు వాడే పేరు ఎడమ వైపు, శాస్త్రీయ నామం కుడివైపు. గోరింక, అక్రిడోథెరెస్ ట్రిస్టిస్. పిచ్చుక, పాసర్ డొమెస్టికస్. పికిలిపిట్ట, పిక్నోనోటస్ కేఫర్. జెముడుకాకి, సెంట్రోపస్ సైనెన్సిస్. వీటిని బట్టీ పట్టక్కర్లేదు. మీ లిస్టు ఇంకో ప్రాంతం వాళ్ల చేతికి వెళ్లినప్పుడు మీరు ఏ పక్షి గురించి చెబుతున్నారో తేల్చేది ఈ కుడివైపు పేరే. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇంకో పేరు వాడితే దాన్నీ అదే వరసలో రాసుకోండి. లిస్టు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలు ఇవే.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం

దీనికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి పై వరసలో తేదీ, మొదలు, నిమిషాలు, పక్షి, ఎన్ని, ఎలా ('పైన', 'విన్నాను' లాంటివి), గమనిక అని పెట్టండి. ఒక్కో పక్షికి ఒక్కో వరస. ఒకే గడిలో 'కాకి 7, గోరింక 4' అని కుక్కితే ఆ తర్వాత లెక్క తీయడం కుదరదు. తేదీని ఏడాది, నెల, రోజు వరసలో రాయండి, 2025-02-26 అని. అప్పుడు వరసగా సర్దినా క్రమం చెడదు, 03-04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్న అనుమానమూ రాదు. పక్షి పేరును టైప్ చేయకుండా డ్రాప్‌డౌన్‌లో, అంటే ముందే ఎక్కించిన పేర్ల వరసలోంచి, ఎంచుకునేలా పెడితే పేర్ల గొడవ సగం తీరినట్టే.

'గమనిక' గడిని ఖాళీగా వదలకండి. నీళ్ల గిన్నె కొత్తగా పెట్టారా? గింజలు చల్లడం మొదలెట్టారా? పక్కవాళ్లు పెద్ద చెట్టు కొట్టేశారా? పిల్లి చేరిందా? ఆ తేదీతో రాయండి. మార్చిలో నీళ్లు పెట్టి, ఏప్రిల్లో పికిలిపిట్టలు రెట్టింపయ్యాయని సంబరపడితే అది గిన్నె పుణ్యమా, పిల్లలు రెక్కలొచ్చి ఎగరడం వల్లా అన్నది ఆలోచించడానికైనా ఆధారం ఉంటుంది.

ఏడాది తిరిగాక ఒక పట్టిక గీయండి. పక్షుల పేర్లు నిలువుగా, 12 నెలలు అడ్డంగా, కనబడిన నెలలో చుక్క. కొన్ని వరసలు నిండుగా ఉంటాయి. కొన్నిటిలో రెండు మూడు నెలల చుక్కలే ఉంటాయి, అవి వలస పక్షులు కావచ్చు. వాటికి మొదట కనబడిన తేదీ, ఆఖరున కనబడిన తేదీ విడిగా రాసుకోండి. కోకిల మొదటి కూత తేదీ కూడా.

నలుగురితో పంచుకోవడం

సులువైన దారి వాట్సాప్. పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టొచ్చు. అందరూ బాగుందంటారు, మర్నాటికి అది వంద మెసేజ్‌ల కిందకు పోతుంది. ఎవరి లిస్టు వాళ్లు అలా పెడుతుంటే కబుర్లే కానీ రికార్డు కాదు. గ్రూపులో ఐదారు ఇళ్లవాళ్లు ఉంటే అందరూ ఒకే షీట్‌లో రాయండి, 'ఎవరి పెరడు' అనే గడి ఒకటి కలపండి. అందరూ అవే 20 నిమిషాలు, అదే లెక్క పద్ధతి పాటించాలని ముందే అనుకోండి. ఒకాయన రోజంతా చూసిన మొత్తం, ఇంకొకరు పావుగంటలో చూసింది పక్కపక్కన పెడితే పోలిక ఉండదు, పోటీ మాత్రం మొదలవుతుంది. పోటీ పెరిగితే అరుదైన పక్షులూ విచిత్రంగా పెరుగుతాయి.

మీ గ్రూపు దాటి పరిశోధకులకు కూడా పనికి రావాలంటే ఈబర్డ్ ఉంది, పక్షుల లిస్టులు ఎక్కించే వెబ్‌సైట్, యాప్. కార్నెల్ ల్యాబ్, అమెరికాలో పక్షుల రక్షణకు పనిచేసే ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టాయి, ప్రపంచంలో ఎక్కడివారైనా ఉచితంగా చేరొచ్చు. అక్కడ అడిగేవి మీ నోట్‌బుక్‌లో ఇప్పటికే ఉన్నాయి: తేదీ, టైము, ఎంతసేపు, ఎంతమంది, ఏవి ఎన్ని. కదలకుండా చూశారు కాబట్టి స్టేషనరీ అని ఎంచుకోండి. ఆఖర్న, గుర్తుపట్టినవన్నీ రాశారా అని అడుగుతుంది. ఇందాక పేజీ కింద రాసుకున్న వాక్యం అక్కడ పనికొస్తుంది. ఆ ప్రాంతంలో ఆ కాలంలో అసాధారణమైన పక్షిని గానీ అంకెను గానీ రాస్తే వివరం అడుగుతుంది, ఆ తర్వాత స్థానికంగా ఉన్న వాలంటీర్ మెయిల్ చేయొచ్చు. దాన్ని మన మీద అనుమానంగా తీసుకోకండి. మీ దగ్గర ఫోటో గానీ వర్ణన గానీ ఉంటే పంపండి, లేకపోతే 'ఏ రకమో తెలియదు' అని మార్చండి. మీ నోట్‌బుక్‌లో మాత్రం పాత పేరు చెరిపేయకండి. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన కొత్త పేరు, మార్చిన తేదీ రాయండి. పొరపాటు ఎక్కడ జరిగిందో కనబడుతూ ఉండాలి, అదే పొరపాటు పాత పేజీల్లోనూ ఉందేమో చూసుకోవచ్చు.

పంచుకునేముందు ఒకటి రెండు జాగ్రత్తలు. ఈబర్డ్‌లో మీరు పెట్టే చోటు పిన్ మ్యాప్‌లో అందరికీ కనబడుతుంది. దానికి మీ పేరు, ఇంటి నంబర్ పెట్టకండి, 'పెరడు 1' చాలు. ఇల్లు తెలియడం ఇష్టం లేకపోతే పిన్‌ను వీధి చివరికి జరపండి, జరిపినట్టు ఆ లిస్టు కింద ఒక మాట రాయండి. ఫోన్ ఫోటోల్లో లొకేషన్ దాగి ఉండొచ్చు, కెమెరా సెట్టింగ్స్‌లో ఆపేయండి. 'ఊరెళ్తున్నాం, పది రోజులు లిస్టు లేదు' అని ముందుగా ప్రకటించకండి, తిరిగొచ్చాక చెప్పండి.

గూళ్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. గుడ్లగూబ ఏ తొర్రలో ఉంటోందో, చిలుకలు ఎక్కడ పిల్లల్ని పెట్టాయో బయటికి చెప్పకండి, ఫోటో పెట్టకండి. ఈ రెంటినీ పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. చెడు ఉద్దేశం లేకపోయినా, చూడటానికని పదిమంది వస్తే తల్లిపక్షి గూడు వదిలేసే ప్రమాదం ఉంది. పిల్లలు ఎగిరిపోయిన నెల తర్వాత చెప్పినా రికార్డు విలువేం తగ్గదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఫిబ్రవరి దాకా ఆగొచ్చు. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పెరటి పక్షుల లెక్కింపు ఆ నెల మధ్యలో నాలుగు రోజులు జరుగుతుంది. 1998లో ఉత్తర అమెరికాలో మొదలై, 2013 నుంచి ప్రపంచమంతటికీ విస్తరించింది. కనీసం 15 నిమిషాలు చూసి, లెక్క ఈబర్డ్‌లోనో మెర్లిన్‌లోనో ఎక్కిస్తే సరిపోతుంది. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో అందరూ తలో నోట్‌బుక్ పట్టుకుంటారు. వెనక గుమ్మం మెట్టు మీద నాకు చోటు దొరకదు, నా పేజీలో మాత్రం 'చూసినవారు 4' అని పడుతుంది.